తోమా కోరిన చావు

పూర్తిగా తెల్లవారకముందే తోమా సమాధుల దొడ్లో వంగి గడ్డి పీకుతున్నాడు. పనికి పోయే దారిలో తాత బుల్లయ్య సమాధి మీద పిచ్చిమొక్క కనపడితే అతని చేతులు ఊరుకోవు. ఏళ్ల తరబడి పత్తికి పురుగుమందు కొట్టీ కొట్టీ ఆ గోళ్లు పసుపు తిరిగాయి, ఊపిరితిత్తులు చెడ్డాయి. మందు జోలికి పోతే చచ్చిపోతావని గుంటూరు డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. ఇప్పుడు కలుపు తీయడం, గట్లు చెక్కడం, అంతే.

బుల్లయ్య బాప్తిస్మం తీసుకున్న కొత్తలో, ఆ దేవుణ్ణి వదలమని ఊళ్లోవాళ్లు కట్టేసి కొడితే, వదలనంటూనే ప్రాణం విడిచాడు. సంఘమంతా ఆయన్ని హతసాక్షి అంటుంది. మనవడికి అదే గర్వం, అదే దిగులు. తనకూ అలాంటి చావే రావాలని పట్టు. ఒకసారి టీ బంకు దగ్గర ఎవడో మతం మీద మాట తూలితే, తోమా చొక్కా విప్పి “కొట్టండ్రా!” అని రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. వాళ్లు నవ్వి, కూచోబెట్టి టీ తాగించారు. పాపం, కొట్టేవాడే దొరకలేదు!

దారిలో పాస్టరు ఇమ్మానియేలు గారు సైకిలు మీద ఎదురొచ్చారు.

“అయ్యగారూ, మంచంలో దగ్గుకుంటా పోతే రేపు పరలోకంలో మా తాతకి మొహం ఎట్టా చూపిచ్చేది?”

ఆయన సైకిలు దిగారు. “మీ తాత ఆ రోజు చావడానికి పోలేదు తోమా. ప్రభువుని వదల్లేకపోయాడు, అంతే. చావు వాళ్లు తెచ్చి పెట్టారు.”

తోమాకు ఆ మాట రుచించలేదు. అంత పెద్ద సంగతిని అయ్యగారు ఇంత చిన్నది చేసేశారేమిటని గొణుక్కుంటూ చేలోకి నడిచాడు.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. గట్టు మీద పక్కవీధి మాబు, వీపున స్ప్రేయర్‌తోనే కూలబడి వాంతి చేసుకుంటున్నాడు. పొద్దుగూకేలోపు మందు కొట్టడం కాకపోతే రేపట్నించి వేరేవాణ్ణి పెట్టుకుంటానని చేను రైతు చెప్పి పోయాడు. ఇంట్లో పెళ్లాం జైనాబీకి నెలలు నిండాయి.

“డబ్బా దించరా” అన్నాడు తోమా.

“నీకు మందు పడదుగా బాబాయ్! చచ్చిపోతావ్.”

“ఇంకో డబ్బా కొడితే నువ్వు ఇక్కడే పోతావు. బిడ్డ మొహం చూడొద్దంట్రా? లే. ఒళ్లు కడుక్కుని ఆసుపత్రికి పో.”

డబ్బా తోమా వీపు మీదికెక్కింది. కారిన మందు నడుం మీద మండుతోంది. అప్పుడు తాత గుర్తుకు రాలేదు. దోమ ఆకు అడుగున దాక్కుంటుంది, గొట్టం పైకి తిప్పి కొట్టాలి. బుర్రలో అదొక్కటే. మధ్యాహ్నం కూడు తెచ్చిన పెళ్లాం రెబ్కా నెత్తీనోరూ బాదుకుంది. “ఇంకాసేపేనే” అన్నాడు.

పొద్దుగూకాక తన కాళ్ల మీదే ఇల్లు చేరి, నులకమంచం మీద ఒరిగాడు. గుంటూరు తీసుకుపోవడానికి రెబ్కా బండి కోసం మనిషిని పరిగెత్తించింది.

“మాబుగాడు ఎట్టా ఉన్నాడే?”

“తేరుకున్నాడంట. జైనాబీ కబురంపింది.”

“కాస్త మిగిలింది. వాణ్ణి రావద్దను. రేపు నేనే...”

రెబ్కా అతని అరికాళ్లు రుద్దుతూనే ఉంది. బండి వచ్చి వాకిట్లో ఆగింది. ఇక దానితో పనిలేదని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

మర్నాడు గొయ్యి దగ్గర సంఘపెద్ద ఒకాయన పాస్టరు చెవిలో, “పురుగుమందుకి పోయినోణ్ణి హతసాక్షి అనకూడదు గదండీ?” అన్నాడు.

మాబు గొయ్యి అంచున మట్టి పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఇమ్మానియేలు గారు అటే చూశారు. “నన్నెందుకు అడుగుతారు? అదిగో, అతన్ని అడగండి” అన్నారు.

అక్కణ్ణించి మాబు ఇంటికి పోలేదు, తిన్నగా చేలోకి పోయాడు. మందు ఎక్కడిదాకా పడిందో మర్నాడు వచ్చేవాడికి తెలియాలని అక్కడ సాలు మొదట్లో పుల్ల పాతి గుడ్డ కడతారు. చేను దాదాపు అంతటికీ మందు పడింది. ఆ చివర, కందిపుల్లకు రెండు ముడులు వేసి కట్టిన తోమా తలగుడ్డ, మందు కంపు కొడుతూ గాలికి ఊగుతోంది.