బండ సందులో మేకపిల్ల

వేణుగోపాల్, మల్లేశ్వరి మాట్లాడుకోవడం మానేసి వారం పైనే అయింది. తప్పు వేణుగోపాల్‌దే. చీరాలలో తమ్ముడింట్లో భోజనానికి కూర్చుని, "గోంగూర పచ్చడంటే ఇదమ్మా! మా ఇంట్లో ఈ రుచి ఎప్పుడొచ్చింది?" అన్నాడు మరదలితో, పదిమందీ వింటుండగా. మల్లేశ్వరి విస్తట్లోంచి తలెత్తలేదు. మంగళగిరి చేరేదాకా బస్సు కిటికీ వైపే చూసింది. ఆ తర్వాత ఇంట్లో మగ్గం చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఆయన చీర నేస్తాడు, ఆవిడ పక్కగదిలో కండెలకు నూలు చుడుతుంది. ఏం కావాలన్నా మధ్యలో కూతురు అనూష ఉండాల్సిందే.

"కండెలు అయిపోయాయని మీ అమ్మకి చెప్పు."

"గంపలో ఉన్నాయి, కళ్లు తెరిచి చూడమని మీ నాన్నకి చెప్పు."

ఆఫీసు నుంచి వచ్చాక ఈ రాయబారం నడపలేక అనూష విసిగిపోయింది. కార్తీకమాసం, వానలు తగ్గాయి. వినుకొండ అవతల గుండ్లకమ్మ ఒడ్డున చెట్ల కింద ఒక కాలిబాట ఉంది. ఆఫీసు స్నేహితులతో ఒకసారి నడిచొచ్చింది. "కొండలెక్కేదేం లేదు, ఊరికే నడవడమే" అని ఇద్దరినీ విడివిడిగా ఒప్పించి, ఆదివారం పొద్దున్నే కారెక్కించింది.

దారంతా పత్తి పగిలి చేలు తెల్లగా ఉన్నాయి. మిరపతోటలు మోకాలెత్తు ఎదిగాయి. తారురోడ్డు పక్కన కారాపి ఏటి ఒడ్డుకు దిగేసరికి ఎండ కనిపించలేదు. రెండు వైపులా ఏరుమద్దులు, కానుగలు కొమ్మలు కలిపేశాయి. కింద నీళ్లు రాళ్ల మధ్య గలగలా పారుతున్నాయి.

వేణుగోపాల్ ముందు, మల్లేశ్వరి వెనక, నడుమ టిఫిన్ క్యారియర్‌తో అనూష.

"మెల్లగా నడవమని చెప్పవే. ఎవరో తరుముతున్నట్టు ఏమిటా పరుగు?"

"నాన్నా, మెల్లగా నడవాలట."

"కాళ్లు నావని చెప్పు."

అనూష నవ్వాపుకుంది.

ఏరు మలుపు తిరిగే చోట ఒకావిడ నీళ్ల అంచునున్న పెద్ద బండ మీద బోర్లా పడుకుని, చెయ్యి సందులోకి పెట్టి తడుముతోంది. చుట్టూ మేకలు. వీళ్లను చూడగానే లేచింది.

"అన్నా, కాస్త సాయం పట్టన్నా! పిల్ల సందులో పడిపోయింది. నా చెయ్యి అందట్లేదు!"

ఆవిడ పేరు అమీర్‌బీ, పక్క ఊరే. లోపల నుంచి మేకపిల్ల సన్నగా అరుస్తోంది. తల్లిమేక బండ చుట్టూ తిరుగుతోంది. అనూష ప్రయత్నించింది, అందలేదు. వేణుగోపాల్ పొడుగు మనిషి. కళ్లజోడు తీసి కూతురి చేతికిచ్చి, బోర్లా పడుకుని చెయ్యి భుజం దాకా సందులోకి దూర్చాడు. ఇంకాస్త ముందుకు జరిగాడో లేదో, నాచుకు ఒళ్లు జారింది. తల నేరుగా కిందికి పోయింది.

"అయ్యో!" అంటూ మల్లేశ్వరి ఒక్క ఉరుకున వచ్చి, ఆయన కాళ్లు రెండూ వాటేసుకుని కూలబడింది.

"కొంచెం వదులు మల్లీ!"

"వదిలితే ఏట్లో ఉంటారు!"

"చెవి దొరికింది!"

"చెవి పట్టి లాగకండి, పాపం! కాళ్లు పట్టుకోండి!"

"దొరికాయి, దొరికాయి! ఇక నన్ను లాగు!"

అనూష, అమీర్‌బీ కూడా చెయ్యి వేశారు. ముగ్గురూ లాగితే వేణుగోపాల్ పైకొచ్చాడు, ఆయన గుండెలకు అతుక్కుని మేకపిల్ల. వచ్చీరాగానే అది ఆయన చొక్కా నిండా ఉచ్చ పోసింది.

మల్లేశ్వరికి నవ్వాగలేదు. బండ మీద కూర్చుని, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. వేణుగోపాల్ ఆవిడ మొహం చూస్తూ నిలబడిపోయాడు.

"మల్లీ, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. అయినా ఆ పచ్చట్లో ఉప్పెక్కువే."

"ఇప్పుడు ఆ పచ్చడికి వంకలు పెట్టకండి. మీ మరదలు బాగానే చేసింది, నేనూ రెండుసార్లు వేయించుకున్నా. నా వంట నచ్చకపోతే నాతో అనండి, పదిమందిలో కాదు."

"అననులే."

"చొక్కా ఇటివ్వండి, జాడిస్తాను."

అమీర్‌బీ మేకపిల్లను తల్లి దగ్గర వదిలింది. అది తడబడుతూ వెళ్లి పొదుగు అందుకుంది. నలుగురూ చెట్టు నీడన కూర్చుని క్యారియర్ విప్పారు. పులిహోర, గారెలు. అమీర్‌బీ తన సీసాలోని మజ్జిగ అందరికీ పోసింది.

"ఇంకాస్త పైకెళ్తే మడుగుంటది అక్కా. చేపపిల్లలొచ్చి కాళ్లు కొరుకుతయ్. భలే చక్కిలిగిలి!" అంది.

"టైమవుతోంది, వెనక్కి వెళ్దామా?" అంది అనూష.

"ఇంత దూరమొచ్చి మడుగు చూడకుండానా?" అని మల్లేశ్వరి అప్పటికే లేచింది. తడి చొక్కా భుజాన వేసుకుని వేణుగోపాల్ వెంట నడిచాడు. తమ్ముడి కొత్త మేడ గురించి, రాబోయే చీరల అంచు రంగుల గురించి, ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ వారం రోజుల కబుర్లన్నీ చెప్పుకుంటున్నారు. ఖాళీ క్యారియర్ ఊపుకుంటూ అనూష హాయిగా వెనకబడింది.

మలుపు తిరిగేసరికి మల్లేశ్వరి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మడుగులో కాళ్లు పెట్టి కెవ్వుమంటోంది.

"కదలకు, బెదిరిపోతాయి!" అంటున్నాడు వేణుగోపాల్, పంట్లాం పైకి మడుచుకుంటూ.