అక్క చెయ్యి

సుబ్బులమ్మ ఇంట్లో గంపలకు కొదవలేదు. తిరుచానూరులో పూలు కట్టి అమ్ముకునే ఇల్లు కదా, కూర్చోబోతే గంప, లేవబోతే గంప. అయితే మూలనున్న ఆ పెద్ద వెదురుగంపలో మాత్రం ఏడాదిగా ఎవరూ ఒక్క పువ్వు వేయలేదు. దాన్ని కదిలించినవాళ్ళూ లేరు. ఎవరూ కదిలించకపోయినా అది అప్పుడప్పుడూ కదులుతుంది. లోపల పసిపిల్ల కాళ్ళు ముడుచుకొని మళ్ళీ చాపుకున్నట్టు వెదురు కిర్రుమంటుంది. "ఎలకలులేమ్మే" అంటుంది అత్త అక్కమ్మ. అంటూనే మొహం తిప్పేసుకుంటుంది. ఇంటినిండా ఇన్ని గంపలుంటే ఎలకలకు ఆ ఒక్కదాంట్లోనే కాపురమా? సుబ్బులమ్మ అంత వెర్రిదేం కాదు.

గంప సంగతి చెప్పాలంటే ఆమె కన్న కవల ఆడపిల్లల సంగతి చెప్పాలి. ముందు పుట్టినదానికి అలివేలు అని, వెనక పుట్టినదానికి మంగ అని పేర్లు పెట్టారు. అమ్మవారి పేరునే రెండు ముక్కలు చేసి ఇద్దరికీ పంచారన్నమాట. ఇద్దరూ అచ్చు గుద్దినట్టుండేవాళ్ళు. కన్నతండ్రి చిన్నబ్బే తికమకపడి ఒకదానికే రెండుసార్లు ముద్దలు పెట్టి, రెండోదాన్ని ఏడిపించిన రోజులున్నాయి. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. అలివేలు కళ్ళు బతికున్నప్పుడే చారెడు. మనిషేమో పిడికెడు. గాలి మారితే దగ్గు, నీళ్ళు మారితే జ్వరం. అందుకే అక్కమ్మకు ఆ పిల్లంటే పంచప్రాణాలు.

నిరుడు శివరాత్రికి ముందు మశూచి టీకాలు వేసే జయరావు చిత్తూరు నుంచి వచ్చి సత్రం అరుగుమీద కూర్చున్నాడు. సుబ్బులమ్మ గుడి ముందర పూలమ్ముతోంది, చిన్నబ్బ తోటలో ఉన్నాడు. పిల్లల్ని తీసుకుపోవాల్సింది అక్కమ్మ. అలివేలు అప్పుడే జ్వరం నుంచి లేచింది. పళ్ళున్న చిన్న బిళ్ళను చేతిమీద ఆనించి గిర్రున తిప్పుతారనీ, ఆ గాట్లలో ఆవుదూడ రసి పూస్తారనీ ముసలమ్మ వినివుంది. ఈ పిట్టప్రాణం దానికి ఓర్చుకుంటుందా? "సప్పుడు సేయొద్దు తల్లీ" అని అలివేలును ఆ పెద్ద గంపలో కూర్చోబెట్టి, పైన మరువం కప్పేసింది. మంగను తీసుకుపోయి ఎడమచేతికి టీకా వేయించింది. ఇంటికి తెచ్చి పావడా మార్చి, జడ విప్పి వేరేగా అల్లి, ఎడమచెయ్యి కనబడకుండా తన కొంగు కప్పి, "ఇది అలివేలు సామీ" అని మళ్ళీ తీసుకుపోయి కుడిచేతికి వేయించింది. మొదటిసారి ఊరు ఎగిరిపోయేట్టు ఏడ్చిన పిల్ల రెండోసారి కిక్కురుమనలేదు. "భలే దిట్టమైన బిడ్డమ్మా" అని జయరావు మెచ్చుకున్నాడట కూడా.

నాలుగు రోజులకు మంగకు రెండు చేతులూ వాచాయి. చంకల్లో బిళ్ళలు కట్టాయి. ఒళ్ళు పెనంలా కాలింది. ఇటు పడుకుంటే ఈ చెయ్యి నొప్పి, అటు పడుకుంటే ఆ చెయ్యి నొప్పి. అప్పుడు తెలిసింది సుబ్బులమ్మకు అత్త చేసిన పని. గీరుకోకుండా పిల్ల గోళ్ళు తీసింది, నుదుట తడిగుడ్డ వేసింది, పలచగా రాగి అంబలి తాగించింది, వెల్లకిలా ఒళ్ళో పెట్టుకుని జ్వరం దిగేదాకా కూర్చుంది. అత్తను కడిగెయ్యాలనుకుంది. అంతలో పక్కన చల్లగా నిద్రపోతున్న అలివేలును చూసి, "పోనీలే, ఇదన్నా ఈ బాధ తప్పించుకునింది" అనుకుంది. "వానికి సెప్పొద్దు మే, నన్ను బతకనీయడు" అని ముసలమ్మ గడ్డం పట్టుకుంటే, మొగుడికీ చెప్పలేదు. ఆ 'పోనీలే' ఇప్పటికీ ఆమెను కాల్చుకు తింటోంది.

ఉగాదికి అలివేలుకు అమ్మ పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టారు, ఇంట్లో తాలింపు మానేశారు. అమ్మవారున్న ఇంటి పూలని గుడి ముందర ఎవరూ కొనలేదు. ఒకే చాపమీద పక్కనే పడుకున్న మంగ ఒంటిమీద ఒక్క పొక్కు లేవలేదు. చివరిరోజు అలివేలుకు కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. చీకట్లో ఎక్కడున్నానని అనుకుందో ఏమో, "అవ్వా, టీకాలాయన పోయినాడా? బయటికి వచ్చేదా?" అని అడుగుతూనే ఉంది. అక్కమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. అలా అడుగుతూ అడుగుతూనే పిల్ల పోయింది.

ఇదంతా చిన్నబ్బకు తెలిసింది ఒక్క తీరుగానే. ఇద్దరికీ టీకా వేయించారు, అయినా ఒకటి పోయింది. కాబట్టి టీకా అంతా మోసం. అలివేలు చేతిమీద మచ్చ ఉందా లేదా అని ఒళ్ళంతా పొక్కులున్నప్పుడు ఎవరు చూడబోయారు? మంగకు రెండు చేతులమీదా మచ్చలుంటే, అలాగే వేస్తారు కాబోలనుకున్నాడు. మంగ నోట్లో నువ్వుగింజ నానదని వీధంతా అంటుంది గానీ, అవ్వ వద్దందని ఆ పిల్ల ఈ ఒక్క మాటనూ ఏడాదిపాటు దాచుకుంది. కాకపోతే కుడిచేతికి గాజులు వేయనివ్వదు. ఎందుకే అంటే, "అది అక్క సెయ్యి మా. అక్క గాజులే ఎయ్యాల" అంటుంది.

మళ్ళీ ఉగాది దాటింది. ఇప్పుడు ఇంట్లో పాలుతాగే మగబిడ్డ, తాత పేరు పెట్టుకున్న ఆదిమూలం. వెనక వీధిలో ఇద్దరికి అమ్మ పోసిందని కబురొచ్చింది. జయరావు సత్రానికి వచ్చాడని కూడా.

"బిడ్డకు టీకా ఏయిస్తాం" అంది సుబ్బులమ్మ.

"ఏయించిన బిడ్డే కదా పోయింది! ఇంకా బుద్ధి రాలేదా నీకు?" అన్నాడు చిన్నబ్బ. "ఆ టీకాలాయన నా గడప తొక్కితే ఊరుకోను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే తల్లీ కొడుకుల బంధం తెగిపోతుంది. చెప్పకపోతే ఉయ్యాలలో వీడు. సుబ్బులమ్మ అత్తకేసి చూసింది. అక్కమ్మ పూలు కడుతూ తల ఎత్తలేదు. మూలలో గంప కిర్రుమంది. మంగ కుడిచెయ్యి రుద్దుకుంటూ, "అక్క అడగతా ఉండాది మా" అంది.

"ఏం అడగతా ఉండాదే?"

"దాని టీకా."

మర్నాడు పొద్దున జయరావే వాళ్ళ ఇంటిముందుకొచ్చి నిలబడ్డాడు. ఈ వీధిలో ఎవరూ పిల్లల్ని పంపలేదు మరి. చిన్నబ్బ ఇంట్లో జరిగిందే అందరికీ సాక్ష్యమాయె.

"మళ్ళా ఏ మొహం పెట్టుకోని వచ్చినావప్పా?" అని చిన్నబ్బ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

జయరావు గొడుగు ముడిచాడు. "నువ్వు తిడితే పడతాను. నా సేత్తో ఏసిన టీకా ఎందుకు పండలేదో తెలీక నేనూ కుమిలిపోతా ఉండాను. ఆ దిట్టమైన బిడ్డేనా పోయింది? ఏడవకుండా ఏయించుకునిందే, ఆ బిడ్డేనా?"

లోపలినుంచి అక్కమ్మ చేతులు జోడించి, వద్దు వద్దు అన్నట్టు తల ఊపుతోంది. నోరు విప్పితే అత్త. విప్పకపోతే బిడ్డ. సుబ్బులమ్మ నోరు విప్పలేదు. మంగను రెక్కపట్టి ఈడ్చుకొచ్చి జయరావు ముందు నిలబెట్టి, రవికె చేతులు రెండూ పైకి జరిపింది.

జయరావు వంగి చూశాడు. ఎడమచెయ్యి చూశాడు, కుడిచెయ్యి చూశాడు, మళ్ళీ ఎడమచెయ్యి చూశాడు. "రెండూ నేనేసినవే. ఒక బిడ్డకు ఒక సేతికే కదమ్మా నేనేసేది!"

పలికింది మంగే.

"ఈ సెయ్యి నాది సామీ. ఈ సెయ్యి అక్కది. అక్కది తీసి అక్కకు ఇచ్చేయి. గంపలోనుంచి ఒగటే అడగతా ఉండాది."

చిన్నబ్బ కూతురి చేతులకేసి చూశాడు, పెళ్ళాంకేసి చూశాడు, చివరికి తల్లికేసి తిరిగాడు. "ఆ పొద్దు యాడ దాచిపెట్టినావు మా, దాన్ని?"

అక్కమ్మ మూలనున్న గంపను చూపించింది.

నరుకుతాడని అక్కమ్మ భయపడిన కొడుకు ఒక్క మాట అనలేదు. అని ఉంటేనే బాగుండేది పాపం ఆ ముసలిదానికి. ఉయ్యాలలోంచి బిడ్డను ఎత్తుకొచ్చి, గుమ్మంలో జయరావు ఎదుట చతికిలబడి, "ఎయ్యప్పా" అన్నాడు.

జయరావు వేశాడు. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. "పసుపని సున్నమని పైన ఏమీ పూయొద్దమ్మా" అన్నాడు సుబ్బులమ్మతో. "తడవనీయొద్దు, గీరుకోనీయొద్దు. జొరమొస్తే తడిగుడ్డ ఎయ్యి, పాలు మానొద్దు. పొక్కు లేసిందంటే పండినట్టే. భయపడొద్దు."

భయపడొద్దంటే పోయేదా భయం? వారం తిరిగేసరికి పొక్కు లేచింది, చెయ్యి ఎర్రగా కమిలింది, బిడ్డకు జ్వరం కాసింది. ఆ రోజు పొద్దుటినుంచీ మూలలో గంప కిర్రుకిర్రుమంటూనే ఉంది. సుబ్బులమ్మ బిడ్డను గుండెకు అదుముకుని, తడిగుడ్డ మార్చి మార్చి వేస్తూ, ఆ మూలకేసి చూస్తూ, "వీణ్ణి అడగొద్దే నా తల్లీ, నన్ను అడుగు" అని గొణుక్కుంటోంది. అలివేలు తమ్ముడి కోసమే వచ్చిందని ఆమెకు గట్టిగా అనిపించింది. కన్నకూతురికే భయపడాల్సి వచ్చింది కదా అని ఏడుపొచ్చింది.

కొడుకు పలకరించడం మానేసినప్పటినుంచి గోడవైపు తిరిగి పడుకున్న అక్కమ్మ, మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచింది. గంపను రెండు చేతులా పట్టి వాకిట్లోకి ఈడ్చింది. ఎండలో పెట్టింది. అడుగున ఎండి నల్లబడిన మరువం రెబ్బలను ఒక్కొక్కటిగా ఏరి పారేసింది. గంప ముందు మోకాళ్ళమీద కూర్చుని, లోపలికి తొంగిచూస్తూ, పసిపిల్లను నిద్రలేపే గొంతుతో పిలిచింది.

"అలివేలూ! టీకాలాయన పోయినాడు తల్లీ. ఇంక బయటికి రా."

వాకిట్లో మంగ ఆడుకుంటున్నదల్లా ఆగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగింది.

సాయంత్రానికి బిడ్డకు చెమటలు పోసి జ్వరం దిగింది. పొక్కు నిండుగా పండి, చెక్కుకట్టి, కొన్నాళ్ళకు రాలిపోయింది. జయరావు వచ్చి చూసి నవ్వాడు. వీధి వీధంతా పిల్లలను చంకన వేసుకుని సత్రానికి బయల్దేరింది. చిన్నబ్బ ఒకరోజు తల్లితో "మా, అన్నం పెట్టు" అన్నాడు. మంగ కుడిచేతికి గాజులు వేయించుకుంది. పెద్దగంపలోకి మళ్ళీ కనకాంబరాలు చేరాయి.

ఆ తర్వాత గంప కిర్రుమనలేదు.

ఇక ప్రాణం కుదుటపడుతుందనుకుంది సుబ్బులమ్మ. ఏం కుదుటపడడం! ఇంట్లో ఎవరూ లేనప్పుడు పూలు కడుతూ కడుతూ చెయ్యి ఆపేస్తుంది. చెవులు ఆ మూలకు పోతాయి. కాసేపు చూసి చూసి, గంప అంచుమీద చెయ్యి వేసి అడుగుతుంది.

"ఒక్కసారి కదలవే అలివేలూ. ఇప్పుడు భయపడను."