మూడో మలుపులో జానెడు సందు

మా మేనకోడలు నడిపే కారు పందేల్లో కార్లు లేవు, పెట్రోలు లేదు, దుమ్ము లేదు. ఎవరింట్లో వాళ్ళు బల్లకు బిగించిన స్టీరింగు పట్టుకుని, పాదాల కింద పెడళ్ళు పెట్టుకుని, తెర ముందు కూర్చుంటారు. ఆదివారం సాయంత్రం అందరూ ఇంటర్నెట్టు ద్వారా ఒకే ట్రాకు మీద కలుసుకుని పోటీపడతారు. సీజను పొడుగునా పాయింట్లు కలుపుకుంటూ పోయి చివర ఒక విజేతను తేలుస్తారు. దీనికి లీగు అని పేరు. "కూర్చున్న చోటే కూర్చుని అలసిపోవడానికి ఇంత ఏర్పాటా" అని మా ఆవిడ మొదటిసారి చూసినప్పుడే తీర్పు చెప్పేసింది.

నాకు మాత్రం ఆ ఆట మీద చిన్నచూపు లేదు. టైరు అరగడం, ఇంధనం తరిగి కారు తేలికపడటం, ముందు కారు వెనక గాలి పలచబడటం, ఇవన్నీ లెక్కకట్టి ఆ బొమ్మ కారును నడిపించే సూత్రాలు నిజం కారును నడిపించేవే. త్రాసులూ థర్మామీటర్లూ నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి గనుక, లెక్క సరిగ్గా వేసే దేనినైనా గౌరవించడం నాకు అలవాటు.

ఒక సోమవారం ఆమె ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పగలంతా ఎత్తైన భవనాల్లో లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. లిఫ్టు తాళ్ళకు రాసే గ్రీజు ఇంకా గోళ్ళ సందుల్లోనే ఉంది.

"మావయ్యా, ఖాళీగా ఉన్నావా?"

"రిటైరైనవాణ్ణి ఆ మాట అడగడం ఎగతాళి కింద లెక్క."

"ఎగతాళి చేసే ఓపిక లేదులే. శనివారంతో నా లీగు రెండు ముక్కలయ్యేట్టుంది."

సంగతి ఇది. లీగులో అందరికన్నా వేగంగా నడిపేవాళ్ళు ఇద్దరు. ఒకరు పళ్ళ డాక్టరు, ఇంకొకరు బేకరీ యజమాని. కిందటి పందెంలో, మూడో మలుపు దగ్గర, ముందు డాక్టరమ్మ, వెనక బేకరీ ఆయన. ఇద్దరూ బ్రేకు వేశారు. డాక్టరమ్మ కారు గిర్రున తిరిగి గడ్డిలో పడింది. వెనక నుంచి గుద్దాడని ఆమె, తాకనే లేదని ఆయన. ఆమె తన తెర మీద రికార్డయిన వీడియో పంపింది. అందులో అతని కారు ముక్కు ఆమె కారు వెనక భాగాన్ని స్పష్టంగా తాకింది. ఆయనా తన వీడియో పంపాడు. అందులో రెండు కార్ల మధ్య జానెడు సందు ఉంది. ఇలాంటి ఫిర్యాదు అతని మీద ఇది మొదటిది కూడా కాదు; కిందటిసారి పాయింట్లు కూడా కోశారు. అతణ్ణి లీగు నుంచి తీసెయ్యాలని డాక్టరమ్మ ప్రతిపాదించింది. శనివారం ఓటింగు.

"తీసేస్తే ఆయన వెంట సగం మంది పోతారు. ఉంచితే ఈవిడ వెంట సగం మంది పోతారు. సగం కార్లతో నడిస్తే అది పందెం కాదు మావయ్యా, ఊరేగింపు."

మూడేళ్ళుగా ఆమె తన సెలవు రోజులన్నీ ధారపోసి నిలబెట్టిన లీగు అది. గొంతులో ఏ మార్పూ లేకుండా చెప్పింది గానీ, మా ఆవిడ ఇచ్చిన కాఫీ కప్పును తాగకుండా పట్టుకునే కూర్చుంది.

గొడవ చల్లార్చడానికని, లీగు బాగుపడటానికి సూచనలు పంపమని అందరినీ అడిగిందట. వచ్చినవి నాకు చూపించింది. ఓపిగ్గా చదివాను. నెమ్మదిగా నడిపేవాళ్ళు, గెలిచినవాళ్ళను మరుసటి పందెంలో చివర నిలబెట్టాలన్నారు. వేగంగా నడిపేవాళ్ళు, కొత్తవాళ్ళకు వేరే పందెం పెట్టాలన్నారు. వర్షంలో బాగా నడిపే ఒకాయన, వర్షం పందేలు పెంచాలన్నాడు.

"ఎవరి సూచనలో ఎవరు గెలుస్తారో చూశావా?" అన్నాను.

"చూశాను. ఇది మాత్రం చూడు, నవ్వొస్తుంది."

అది బేకరీ ఆయన సూచన. ఒకే ఒక వాక్యం: వీడియో చూసి తీర్పు చెప్పడం మానేయండి. దాని కింద ఎవరో అప్పుడే వ్యాఖ్య రాశారు, దొంగ వచ్చి కెమెరాలు తీసెయ్యమన్నట్టుందని.

నాకు నవ్వు రాలేదు. తనకు లాభం లేని సూచన ఆ మొత్తంలో అదొక్కటే. తనను కాపాడే వీడియో చేతిలో ఉన్న మనిషి, వీడియోలను నమ్మవద్దని ఎందుకంటాడు?

అలాగని అతణ్ణి నమ్మేశానని కాదు. మొదట అతను తన వీడియోను దిద్దాడేమోనని అనుమానించాను. రెండు వీడియోలనూ పక్కపక్కన పెట్టి, మూలన నడిచే గడియారంతో సరిపోల్చాను. ఎక్కడా అతుకు లేదు. అప్పుడు, వాళ్ళ వెనకే వస్తున్న మూడో మనిషి వీడియో తెప్పించమన్నాను. ఆయన పగలు సిటీ బస్సు నడిపి సాయంత్రం రేసు కారు నడిపే మనిషి; లీగులో అందరూ ఆయన్ని స్టాపు అంటారు. "రోజంతా ఆగుతూ నడుపుతాను, ఇక్కడైనా ఆగకుండా నడపనివ్వండి" అనేది ఆయన మాట. డాక్టరమ్మతో గానీ బేకరీ ఆయనతో గానీ ఆయనకు పేచీ లేదు.

స్టాపు వీడియోలో కార్లు తాకలేదు. కానీ జానెడు సందూ లేదు. వేలు పట్టేంత మాత్రమే ఉంది.

"ఇంకా గందరగోళం చేశావు" అంది మేనకోడలు.

"కాదు, తగ్గించాను. ఒకరు అబద్ధమాడితే కథలు రెండే ఉండాలి. ఇక్కడ మూడున్నాయి. సరే, ఇది చెప్పు. వెనక కారు ఎక్కడుందో డాక్టరమ్మ కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది?"

"బేకరీ ఆయన కంప్యూటరు నుంచి కబురొస్తుంది."

"కబురు రావడం కాస్త ఆలస్యమైతే, ఈలోగా తెర మీద ఆ కారు ఆగిపోతుందా?"

"ఆగదు. అంతకు ముందు ఎంత వేగంతో వచ్చిందో అదే వేగంతో వస్తోందని అంచనా వేసి..." అని ఆగిపోయింది. కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. "ఆయన బ్రేకు వేసిన కబురు ఆవిడకి ఇంకా చేరలేదు."

"అందుకని ఆమె తెర మీద అతను ఇంకా దూసుకొస్తూనే ఉన్నాడు. ఇటు ఆమె బ్రేకు వేసిన కబురు అతనికీ చేరలేదు. అతని తెర మీద ఆమె ఇంకా ముందుకే పోతోంది."

"ఆవిడ తెర మీద గుద్దుకుంది. ఆయన తెర మీద సందుంది."

"తమ కంటితో చూసిందే ఇద్దరూ చెప్పారు."

ఆమె లేచి గది ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. "లిఫ్టు ఏ అంతస్తులో ఉందో చూపించే దీపాన్నే నేను నమ్మను మావయ్యా. పైకెక్కి చూస్తాను. వీడియోనెలా నమ్మాను?"

ఆ నమ్మకం ఆమె ఒక్కదానిది కాదు. ఇన్నేళ్ళలో ఆ లీగులో ఏ ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఆడలేదు. ఎవరి తెర వాళ్ళ ఇంట్లో ఉంది. రెండు తెరలను ఒకేసారి చూసిన మనిషి లేడు. వాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఇలాంటి పొరపాటు సాధ్యం కాదనిపించింది నాకు.

ఇదంతా రాసి అందరికీ పంపేస్తానంది. వద్దన్నాను. గెలుపు మీద కన్నున్నవాళ్ళు వివరణలో తమకు కావలసిన ముక్కే చదువుకుంటారు. చూపించాలి.

శనివారం ఓటింగుకు అందరినీ తన ఇంటికే పిలిచి, ఆమె ముందుగదిలో సోఫాను గోడకు జరిపి, రెండు స్టీరింగులు, రెండు తెరలు పక్కపక్కన అమర్చింది. ఒకటి ఇంటి కేబులు కనెక్షనుతో, రెండోది బేకరీ ఆయన రోజూ వాడే ఫోను కనెక్షనుతో. అతను కూర్చుని ఆడే బేకరీ వెనక గదికి కేబులు లేదు. ఫోను నుంచే ఇంటర్నెట్టు తీసుకుంటాడు. ఆ కబుర్లే ఆలస్యంగా చేరుతున్నాయని నా అనుమానం.

తలుపు దగ్గర ఎదురుపడ్డ డాక్టరమ్మా బేకరీ ఆయనా ఒక్క క్షణం ఒకరినొకరు ఎగాదిగా చూసుకున్నారు. వారాల తరబడి మాటలు విసురుకున్నారు గానీ ముఖాలు చూసుకోవడం అదే మొదలు.

"మీరు ఇంకా లావుగా ఉంటారనుకున్నాను" అంది డాక్టరమ్మ.

"మీరు ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నా. మాటలు అంత ఎత్తు నుంచి పడేవి మరి" అన్నాడాయన, తెచ్చిన రొట్టెల పొట్లం బల్ల మీద పెడుతూ.

"కూర్చోండి కూర్చోండి, బండి కదలాలి" అన్నాడు స్టాపు, సోఫా మధ్యలో చోటు చేసుకుంటూ.

ఆమె కేబులు దగ్గర, ఆయన ఫోను దగ్గర కూర్చున్నారు. వేరే ఆటగాళ్ళెవరూ లేరు. మూడో మలుపు దాకా వచ్చి, ముందు ఆమె, వెనక ఆయన, ఎప్పటిలాగే బ్రేకు వెయ్యాలి. వేశారు. ఎడమవైపు ఆమె తెర మీద కారు ముక్కు తాకింది. కుడివైపు ఆయన తెర మీద సందు మిగిలింది. సోఫా మీదున్నవాళ్ళందరూ ఒకేసారి ముందుకు వంగారు.

డాక్టరమ్మ పెడళ్ళ మీద నుంచి కాళ్ళు తీసింది. "ఆయన ఫోను కనెక్షను చెత్తదని తేలింది. దానికి ఆయనే బాధ్యుడు కదా. నా పందెం పోయింది మరి."

అది తీసిపారేయదగ్గ మాట కాదు. దానికి జవాబు మేనకోడలే ఇచ్చింది.

"అయితే డాక్టరుగారూ, కుర్చీలు మారండి. ఈసారి వెనక మీరు."

ఆమె ఫోను కనెక్షను వైపు కూర్చుంది. కుర్చీ దగ్గరకు లాక్కుంది, అద్దాలు సరిచేసుకుంది. ఆయన ముందు, ఆమె వెనక. ఆమె చాలా జాగ్రత్తగా, నా వంటివాడికి కూడా తెలిసేటంత ముందుగా బ్రేకు వేసింది. పక్క తెర మీద బేకరీ ఆయన కారు గిర్రున తిరిగి గడ్డిలో పడింది.

"నేను తాకలేదు" అంది ఆమె వెంటనే.

గదిలో ఎవరూ నవ్వలేదు. బేకరీ ఆయన కూడా నవ్వలేదు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, ఆమె తెర వైపు తల తిప్పి చూశాడు. అక్కడ ఇంకా జానెడు సందు కనిపిస్తూనే ఉంది.

"తాకలేదు" అన్నాడు. "నేను కూడా చూశాను."

ఆమె కాసేపు ఒక తెరనూ కాసేపు ఇంకో తెరనూ చూసింది. రోగి నోట్లో ఏ పన్ను నొప్పి పెడుతోందో ఇలాగే వెతుకుతుందేమో.

"ఓటింగు మొదలుపెట్టమంటారా?" అని అడిగింది మేనకోడలు.

"దేనికి?" అన్నాడు స్టాపు.

డాక్టరమ్మ కుర్చీ ఇటు తిప్పింది. "నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకోటి పెడుతున్నాను. ఫిర్యాదు చేసినవాళ్ళ వీడియో, ఎదుటివాళ్ళ వీడియో, రెండూ వస్తేనే విచారణ. రెండూ కలవకపోతే తప్పు ఎవరిదీ కాదు. పందేనికి ముందు ఎవరి కనెక్షను ఎంత ఆలస్యమో పేరు పక్కన అందరికీ కనపడాలి. ఆలస్యం ఎక్కువున్న కారు వెనకున్నా ముందున్నా సరే, బ్రేకు వేసేచోట వెనకున్నవాళ్ళు కారు పొడుగంత సందు వదలాలి."

"కారు పొడుగంతా?" అన్నాడు బేకరీ ఆయన. "మరి నేను మిమ్మల్ని దాటేదెట్లా?"

"అది మీ కష్టం. నన్నడక్కండి."

చేతులన్నీ లేచాయి. ఆ తర్వాత మేనకోడలు తన సూచన చెప్పింది: సీజనుకొక పందెం అందరూ ఒకే హాల్లో కూర్చుని ఆడాలి. హాలు ఎవరిస్తారనే చర్చలో రొట్టెలు అయిపోయాయి. కిందటిసారి బేకరీ ఆయనకు కోసేసిన పాయింట్ల సంగతి కూడా అప్పుడే తేలింది. అవి తిరిగి ఇచ్చేశారు, డాక్టరమ్మే గుర్తుచేసింది.

మర్నాడు సాయంత్రం నేనూ మా ఆవిడా మేనకోడలి వెనక కుర్చీల్లో కూర్చుని పందెం చూశాం. ఆరంభ గీత దగ్గర ఒక్క కారూ తగ్గలేదు. మూడో మలుపులో బేకరీ ఆయన కారు పొడుగంత సందు వదిలాడు. డాక్టరమ్మ సాఫీగా తిరిగి బయటపడింది. ఆపైన వచ్చే పొడుగాటి దారిలో, బ్రేకుతో పని లేని చోట, ఆయన ఆమె పక్కకు వచ్చాడు.

"ఇప్పుడు ఇద్దరూ నిజంగా పక్కపక్కనే ఉన్నారా?" అని అడిగింది మా ఆవిడ.

"ఇంచుమించుగా" అన్నాను.

"తాకితే?"

"తాకరు అత్తయ్యా" అంది మేనకోడలు, తెర మీద నుంచి చూపు మరల్చకుండా. "ఇప్పుడు ఇద్దరికీ తెలుసు."