నీలం దాటకముందు

సూర్యాపేటలో గిన్నెల దుకాణం పక్కనే కృప లేజర్ మిషన్ ఉంది. హాస్టల్‌కు పోయే పిల్లల పళ్లేల మీద, పెళ్లిళ్లలో చదివించే బిందెల మీద రంగుల్లో పేర్లు వేస్తుంది. చెక్కడం కాదు. లేజర్ వేడికి స్టీలు పైపొర రంగు తేలుతుంది, అంతే.

కృప వేసిన పేరు, మనిషి బాగుంటే బంగారు రంగులో ఉంటుంది. జ్వరమొస్తే ఊదా. ప్రాణం మీదికొస్తే నీలం. అదీ దాటి బూడిద రంగైతే ఇక ఏడుపులే. ఇందులో వింతేముంది? మోతె నుంచి చివ్వెంల దాకా పొద్దున లేవగానే, పాల ప్యాకెట్ వచ్చిందా అని చూసుకున్నట్టు, పళ్లేలు చూసుకుంటారు.

ఆ రోజు మనవరాలి పళ్లెం తీసుకుని తండా నుంచి పుష్పాబాయి వచ్చింది. దాన్ని మిషన్ కింద సర్దుతూ కృప అలవాటుగా గోడకు ఆనించిన తన భర్త స్టీఫెన్ పళ్లెం వంక చూసింది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బాయిలర్‌కు ఊక వేసే పని అతనిది. పేరు ఊదాకు తిరిగింది.

ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. కృప ఆ పళ్లెం తీసి వెలుతురులో పెట్టింది.

"నీలం గొడ్తుంది బిడ్డా," అంది పుష్పాబాయి. "జర బంగారం రంగు పెట్టి మళ్ల గొట్టు."

"మళ్ల గొడ్తె వేడెక్కువైతదమ్మా. నీలం దాటిపోతది."

"మరి తుడిసెయ్."

అనేసి తనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పేరు తుడిస్తే ఆ మనిషి ఏమవుతాడో ఎవరికి తెలుసు? అంత తెగువ ఎవరు చేశారు గనక! కానీ మొదటి అక్షరం అంచుకు అప్పుడే బూడిద రంగు పట్టింది. కృప యేసయ్యను తలుచుకుని గుడ్డ మీద యాసిడ్ ఒంపింది. ఏడుస్తూనే రుద్దింది. పేరు పోయింది.

ఆ వేళకు మిల్లు ఆవరణలో సూపర్‌వైజర్ కేకేశాడు. "స్టీఫెన్, లోపలికి పోయి ఊక ఎయ్!" అతను విన్నాడు. ఇంకెవరినో అనుకుని నల్లా దగ్గర నీళ్లు తాగుతూ నిలబడ్డాడు. ఖాళీ గదిలో బాయిలర్ పేలింది.

సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చాడు. ఒళ్లంతా మసి, గాయం ఒక్కటీ లేదు.

"ఏమయ్యా, కాళ్లు కడుక్కో," అంది కృప. కడుక్కొచ్చి కూర్చున్నాడు.

"అందరు ఎవర్నో పిలుస్తున్నరే. నేను తిరిగి సూస్తలేనని తిడ్తున్నరు. నా పేరేంది?"

పేరు నాలుక చివరనే ఉంది. పైకి అంటే అది మళ్లీ అతన్ని పట్టుకుంటుందేమో. పట్టుకుంటే మళ్లీ రంగు మారుతుందేమో.

"పెండ్లయినకాంచి నేను పేరు వెట్టి పిలిసిన్నా?" అంది అన్నం వడ్డిస్తూ. "నేను పిలిస్తె పలుకుతున్నవ్ గద. తిను."