గోడ సార్

లెక్కల మాస్టారు బోర్డు మీద మూడో సమీకరణం రాస్తుండగా ప్రిన్సిపాల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సుద్దముక్క ఆగింది. మాస్టారి చొక్కా చెమటకి వీపుకు అతుక్కుపోయి ఉంది. కుడి చెయ్యి మోచేతిదాకా సుద్దపొడి. ఆయన నల్లగొడుగు ఎప్పట్లాగే కిటికీ ఊచకు వేలాడుతోంది. పిల్లలు ఆయన్ని గోడ సార్ అంటారు. వచ్చింది మొదలు గంట కొట్టేదాకా ఆయన మొహం గోడవైపే. ఇన్నేళ్లూ అలాగే నెట్టుకొచ్చాడు.

"సగం క్లాసు లెక్కల పరీక్ష తప్పింది. వీళ్లు చదవలేదా, మీరు చెప్పలేదా? ఎవరో ఒకరు జవాబు చెప్పాలి," అన్నాడు ప్రిన్సిపాల్.

జవాబు మాస్టారి నాలుక చివరే ఉంది. వీళ్లకి చెప్పడం, గోడకి చెప్పడం ఒకటే. ఇంట్లో భార్యతో రోజూ అనే మాటే. అది బయటికి వచ్చేలోపు చివరి బెంచీలో ఒకమ్మాయి లేచింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నాకు మొదట్నుంచీ అర్థం కాలేదు సార్. అడిగితే నవ్వుతారని తలూపుతూ కూర్చున్నాను."

ఎవరూ నవ్వలేదు. మాస్టారు ఆ మొహాన్ని అప్పుడే సరిగ్గా చూశాడు. పేరు గుర్తు రాలేదు.

"అర్థమైందా అని నేనూ అడగలేదమ్మా," అన్నాడు. "కాలేదంటారేమోనని భయం."

ప్రిన్సిపాల్ దవడ బిగుసుకుంది. "సాయంత్రం నా గదికి రండి."

ఆయన వెళ్లాక మాస్టారు బోర్డంతా తుడిచేశాడు. "ఎక్కడ తప్పిపోయారో అక్కణ్ణుంచే మొదలెడదాం. మీరు దాచొద్దు, నేనూ దాచను."

ఒకరి తర్వాత ఒకరు నోరు విప్పారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ అమ్మాయి బోర్డు దగ్గర రెండుసార్లు తప్పింది. ఆమె మూడోసారి చేస్తుంటే క్లాసంతా ఊపిరి బిగబట్టింది. లెక్క తేలింది.

సాయంత్రం తన గదిలో ప్రిన్సిపాల్ తలెత్తకుండానే చెప్పాడు. "రేపట్నుంచి కొత్తావిడ వస్తారు."

మాస్టారు కుర్చీ వీపుకి చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. గుమ్మం దగ్గర నలుగురు పిల్లలతో ఆ అమ్మాయి.

"తప్పు మాది కూడా సార్," అంది.

"మీ వంతుకి మీరు మళ్లీ పరీక్ష రాస్తారు. ఆయన వంతుకి ఆయన వెళ్తున్నారు," అన్నాడు ప్రిన్సిపాల్.

వరండాలో మాస్టారు ఆగాడు. "నీ పేరేంటమ్మా?"

చెప్పింది. ఆయన దాన్ని ఒకసారి మెల్లగా పలికి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మర్నాడు కొత్త మేడమ్ బోర్డువైపు తిరిగి చకచకా రాయడం మొదలెట్టింది.

"మేడమ్, అర్థం కాలేదు," అంది చివరి బెంచీ.

మేడమ్ చెయ్యి ఆగింది. మరో రెండు బెంచీల్లోనూ చేతులు లేచాయి. ఆమె విసుగ్గా వెనక్కి తిరిగి, ఒక్క క్షణం చూసి, బోర్డు తుడిచింది.

కిటికీ ఊచకు మాస్టారి నల్లగొడుగు వేలాడుతూనే ఉంది, పిడికి చుట్టిన దారం సగం ఊడి.