ఖాళీ గడి

ఎల్లస్వామి ఎర్ర తీగ ముక్కను పంటి కింద పట్టుకుని, నిచ్చెన మీద నిలబడి, పిన్ను మీద టంకం ఆరేదాకా ఊపిరి బిగబట్టాడు. చొక్కా జేబు నిండా తీగ తొక్కలే. కుడిచేతి బొటనవేలి గోరు కాలి కాలి ఎప్పుడో నల్లబడిపోయింది. ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే ఇదే గది, ఇదే పొగ వాసన.

ఆ చుట్టుపక్కల మోగే ప్రతి ఫోనూ రెండు తీగలై ఆ ఎక్స్ఛేంజీ గదికి వచ్చి చేరాల్సిందే. గోడంత ఇనుప చట్రం, దాని మీద వేల పిన్నులు, ఒక్కో ఫోనుకు ఒక్కో జత. ఎవరి లైనైనా ఒక జత మీది నుంచి మరో జత మీదికి మార్చాలంటే పైనుంచి చీటీ రావాలి. చీటీలో నాలుగు గడులు: ఫోను నంబరు, పాత పిన్ను, కొత్త పిన్ను, సంతకం. నాలుగూ నిండితేనే ఎల్లస్వామి చెయ్యి లేస్తుంది. ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ చీటీ తలుపు పక్క మేకుకు ఎక్కుతుంది, తీగ ఉన్నచోటే ఉంటుంది.

మొదటి నుంచీ ఆయన ఇలా లేడు. డెబ్బై ఐదులో ఒకసారి కాన్పుల దవాఖాన లైనుకు కొత్త పిన్ను రాయని చీటీ వచ్చింది. సాయంత్రానికి రాస్తాములే అన్నారు. సరేనని పాత తీగ పీకేశాడు. ఆ పిన్ను నంబరు మూడో రోజుకు గానీ రాలేదు. ఆ మూడు రోజుల్లోనే వర్ధన్నపేట దారిలోని ఒక ఊళ్ళో ఒకామెకు నొప్పులొచ్చాయి. ఆమె మొగుడు ఆ దవాఖానకు ఎన్నిసార్లు ఫోను చేసినా మోగలేదు. చివరికి బండి కట్టుకుని వచ్చారు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. చీటీ మీద సంతకం ఉంది గనుక ఎల్లస్వామిని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆయన్ని తినేసింది. ఆమె పేరు ఆయన ఎవరినీ అడగలేదు.

ఎనభై మూడు, శ్రావణం. నాలుగు రోజులుగా ముసురు. ఈరోజు వచ్చిన చీటీ మళ్ళీ ఆ దవాఖానదే. మళ్ళీ అదే గడి ఖాళీ.

సూపర్‌వైజరు రామలింగం గొడుగు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. "ఇంక పీకలేదా? పాత కేబులు నానుతాంది, పొద్దుమీకేవరకు ఖాలీ చెయ్యమన్నరు."

"కొత్త పిన్ను రాయలే సార్."

"ఇదేమన్న నీ బిడ్డ లగ్గం పత్రికనా, అన్ని గడులు నింపనీకె? ముందుగాల పీకెయ్, పిన్ను నంబరు ఎన్క వస్తది."

"పీకుతె దవాఖాన మూగవోతది. ఎప్పటిదాంక?"

"రెండు నెలలల్ల రిటైరైతానవ్. మీదికి రిపోర్టు రాస్తె పింఛనీ ఆగుతది. నీకెందుకన్నా ఈ లొల్లి?"

"రాసుకోండ్రి. ఆ నంబరు జర తెప్పియ్యుండ్రి."

రామలింగం విసురుగా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఎల్లస్వామి చీటీని మేకుకు గుచ్చాడు. అయితే మనసు మాత్రం కుదుటపడలేదు. పీకితే లైను పోవడం ఖాయం. పీకకపోతే నానిన కేబులు ఏ క్షణాన పోతుందో తెలియదు. అందుకని గంటకోసారి, లైన్లు పరీక్షించే చేతిఫోను క్లిప్పులు ఆ పిన్నులకు తగిలించి దవాఖానకు మోగించి చూడసాగాడు. అవతల ఎత్తేది నర్సు రాజక్క.

"మల్ల నువ్వేనా అన్నా? ఇంటికాడ వదిన మాట్లాడతలేదా ఏంది?"

"ఆమె మాట్లాడవట్టే ఈడికొచ్చిన. ఇనవడ్తాందా బిడ్డా?"

"గరగర అంటాంది గని ఇనవడ్తాంది."

"గంతే సాలు."

మధ్యాహ్నం సద్ది విప్పితే తినబుద్ధి కాలేదు. ఛాతీలో పొద్దున్నుంచీ ఏదో పట్టేసినట్టుంది. గ్యాసేమోనని సోడా తెప్పించుకుని తాగాడు. నొప్పి ఎడమ భుజంలోకి పాకింది. మూడింటికి మళ్ళీ క్లిప్పులు తగిలించాడు. మోగించే ముందు జర కూర్చుందామని స్టూలు మీద కూలబడి, తల చట్రానికి ఆనించాడు.

నాలుగు కావస్తుండగా రామలింగం దిగి వచ్చాడు. చేతిలో నంబరు లేదు, చీవాట్లు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. "అన్నా" అన్నాడు. "ఓ ఎల్లస్వామన్నా!" అని భుజం పట్టుకున్నాడు. తల పక్కకు వాలింది. రామలింగం ఆయన ఒళ్ళో ఉన్న చేతిఫోనునే లాక్కుని దవాఖానకు మోగించాడు.

ఒక్కసారికే మోగింది. "చెప్పన్నా, ఇనవడ్తాంది" అంది రాజక్క.

డాక్టరమ్మ వానలోనే రిక్షా ఎక్కి వచ్చింది. నాడి చూసి, కళ్ళు చూసి, చెయ్యి మెల్లగా కిందికి దించింది.

ఆయన్ని తీసుకెళ్ళాక రామలింగం చట్రం ముందు ఒక్కడే నిలబడ్డాడు. కట్టరు తీసుకున్నాడు. పాత పిన్నుల దాకా చెయ్యి వెళ్ళింది. కాసేపటికి కట్టరు స్టూలు మీద పెట్టేసి, నంబరు కోసం తానే పైకి వెళ్ళాడు. తలుపు గాలికి మేకు మీద చీటీ కదులుతోంది. మూడో గడి తెల్లగా అలాగే ఉంది.