తెగని మఫ్లరు

నాకు కోపం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. ఆ రెండింటినీ మించింది నా చేతిపని మీద నాకున్న గర్వం. అదే మా పక్కింటి దేవి ప్రాణం మీదికి తెచ్చింది.

నా పేరు నూకాలు. జాలరిపేటలో పుట్టాను, జాలరిపేటలోనే కాపురం. మా ఆయన దాలయ్య బోటు మీద వేటకి పోతాడు. నేను నేవీ క్వార్టర్సులో చేపలమ్మేదాన్ని. అక్కడ ఒక ఆఫీసరు భార్య, పంజాబీ ఆవిడ, వరండాలో కూర్చుని స్వెట్టర్లు అల్లేది. గంప దించి చూస్తూ చూస్తూ నేర్చేసుకున్నాను. వల అల్లే చేతికి ఊలెంతసేపు? తొంభై ఎనిమిది నాటికి మా వీధిలో నేనల్లిన మంకీ క్యాప్ లేని మగాడు లేడు. చలికాలం సముద్రం మీద తెల్లవారుజాము గాలి చెవులు కోసేస్తుంది మరి. పెద్దాసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి కూడా టోపీలు అల్లి ఊరికే ఇచ్చేదాన్ని.

వట్టి ఊలు బోటు మీద నిలవదు. ఉప్పునీళ్ళకి సాగిపోతుంది, మేకుకి తగిలితే పుటుక్కున తెగుతుంది. అందుకని మగవాళ్ళకి అల్లేటప్పుడు ఊలులో వలల నైలాన్ దారం కలిపి అల్లేదాన్ని. పంజాబీ ఆవిడ చూసి, అలా చెయ్యకూడదు, ఊలు ఊలుగానే ఉండాలి అంది. బోటు సంగతి ఈవిడకేం తెలుసులే అనుకున్నాను.

పక్కింటి దేవి నా దగ్గరే అల్లిక నేర్చుకుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, నన్ను సొంత అక్కలా అప్పా అని పిలిచేది. మొగుడు ఎల్లాజీ బోటు మీద కళాసీ. తాగితే కొట్టేవాడు, తాగడానికి దొరక్కపోతే అందుకు కొట్టేవాడు. ఒకరోజు దేవి అడిగింది.

"అప్పా, ఆడికో మఫ్లరు అల్లీవా? మెడ సలేత్తందంట. నీ సేత్తో ఐతే గట్టిగుంటాది."

"ఆడికా? ఆడి మెడకి ఊలెందుకే, ఉరితాడు సాల్దా?"

"అలగనకప్పా. కాసింత ఎచ్చగుంటే కొట్టడం తగ్గుతాదేమో."

ఆ మాటకి ఒళ్ళు మండింది, జాలీ వేసింది. అల్లాను. ఎర్ర ఊలు, అందులో రెండు పోగుల నైలాన్, నాలుగు మూరల పొడవు. ఎల్లాజీ వీధిలో నిలబడి దాన్ని రెండు చేతులా గుంజి, "ఏనుగుని కట్టినా తెగదప్పా ఇది" అన్నాడు. నేను మురిసిపోయాను. ఆ మురిపెం గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

జనవరిలో ఒక మధ్యాహ్నం దేవీ నేనూ మా అరుగు మీద ఆసుపత్రి టోపీలు అల్లుతున్నాం. తాగి వచ్చాడని బోటు డ్రైవరు ఎల్లాజీని ఆ పూట ఎక్కనివ్వలేదు. ఆ కోపమంతా మోసుకొచ్చి, ఒక్క మాటైనా లేకుండా దేవి జుట్టు పట్టుకుని ఇంట్లోకి ఈడ్చుకుపోయాడు. సగం అల్లిన టోపీ మెట్టు మీద పడింది.

నేను లేవలేదు. ఉన్నమాట చెప్పాలి కదా. అంతకు ముందు రెండుసార్లు అడ్డుపడితే, నేను వెళ్ళాక దేవికి రెట్టింపు పడ్డాయి. రావద్దప్పా అని దేవే దండం పెట్టింది. అందుకే కూర్చుని విన్నాను. గిన్నెలు పడ్డాయి. మధ్య గోడ ఒకటే కాబట్టి దేవి తల దానికి కొట్టుకున్నప్పుడల్లా నా వీపు అదిరింది. కాసేపటికి అన్నీ ఆగిపోయాయి, ఏడుపుతో సహా. అప్పుడు లేచాను. చేతిలో ఉన్న స్టీలు అల్లిక సూదితోనే పరిగెత్తి తలుపు తన్నాను.

దేవి బోర్లా పడి ఉంది. ఎల్లాజీ దాని వీపు మీద మోకాలు ఆనించి, మెడకి మఫ్లరు ముడేసి, కొసలు పిడికిళ్ళకి చుట్టుకుని వెనక్కి గుంజుతున్నాడు. దేవి కాళ్ళు నేలని తన్నుతున్నాయి.

"ఒగ్గీరా దాన్ని" అన్నాను.

"ఎల్లిపో అప్పా. నిన్నూ సంపేత్తాను."

జుట్టు పట్టి లాగాను. మోచేత్తో నా మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి నోట్లో పడింది. ఊసేసి, తెంపుదామని మఫ్లరు పట్టుకుని గుంజాను. ఊలు చిట్లింది, లోపలి నైలాన్ చిట్లలేదు. అది నా వేళ్ళు కోసేసింది. నేను లాగిన కొద్దీ ముడి ఇంకా బిగిసింది. దేవి కాళ్ళు తన్నుకోవడం మానేశాయి. దీన్ని చంపుతున్నది నేనే, నా పనే అనిపించింది.

సూది వాడి ముంజేతిలో దించాను. ఎముకకి తగిలి ఆగింది. పీకి మళ్ళీ దించాను. వాడు గావుకేక పెట్టి కొసలు వదిలేశాడు. ముడి మాత్రం వదల్లేదు. వల కట్టే చేత్తో వేసిన ముడి అది. గుంజితే రాదు, వెనక్కి తొయ్యాలి. నెత్తురుకి జారిపోతున్న వేళ్ళతో సూది మొన ముడిలోకి దూర్చి, కొసని వెనక్కి తోసి, పళ్ళతో పట్టి వదులు చేశాను. దేవి గుర్రుమని ఊపిరి లాగింది.

ఎల్లాజీ లేచి నా మీదికొచ్చాడు. మూలనున్న రోకలి అందుకుని మోకాలి మీద కొట్టాను. పడ్డాడు. పడ్డాక కూడా కొట్టాను. రెండో మోకాలు, భుజం, నోరు. ఆడవాళ్ళు వచ్చి రోకలి లాక్కోకపోతే ఆపేదాన్ని కాదు. అబద్ధమెందుకు, ఆపాలని కూడా లేదు.

స్టేషనులో ఎస్సై ఆ మఫ్లరు ఒక కొస తను పట్టుకుని, రెండోది కానిస్టేబుల్‌కిచ్చి గుంజమన్నాడు. ఇద్దరి ముఖాలూ ఎర్రబడ్డాయి గానీ అది తెగలేదు. "భలే అల్లేవమ్మా" అన్నాడు ఎస్సై. పన్ను ఊడిన దెబ్బ కంటే ఆ మాటే నాకు గట్టిగా తగిలింది.

ఎల్లాజీ జైలుకి పోయాడు. దేవి మా ఇంట్లోనే ఉంటోంది. దాని గొంతు పూర్తిగా తిరిగి రాలేదు, సగం గాలే వస్తుంది. మెడలో పసుపుతాడు కూడా తీసేసింది.

మొన్న బోటు కళాసీ దొరబాబు వచ్చి, "ఏటప్పా, నువ్వల్లిన టోపీ రెండు ట్రిప్పులకే సిరిగిపోనాది. ఎనకటి పని ఏదీ?" అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచాను. పక్కన దేవి కొత్త ఊలు ఉండ విప్పుతోంది. ఇప్పుడు ప్రతి ఉండా ముందు తనే విప్పుతుంది. పోగుని రెండు పిడికిళ్ళకి చుట్టుకుని బలమంతా పెట్టి గుంజుతుంది. తెగకపోతే ఆ ఉండ అవతల పారేస్తుంది.

ఇది తెగింది. దేవి ఆ ఉండ నా చేతికిచ్చింది. దొరబాబుని కూర్చోమని చెప్పి, వాడి తల కొలత తీసుకున్నాను.